కమిటీ లేని పండుగ: గోదావరి డెల్టాలో అట్లతద్ది

దసరా వెళ్ళిన ఎనిమిది రోజులకి అట్లతద్ది, ఆడవాళ్ళు అట్లు పోసి గౌరీదేవికి నోచుకునే నోము. ఆశ్వయుజ శుద్ధ దశమితో ఉత్సవాలు ముగిసి, పందిళ్ళు విప్పి, మైకులవాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయాక, పున్నమి దాటిన మూడోనాడు అదే అమ్మవారు గౌరీదేవి పేరుతో ఇళ్ళలోకి వస్తుంది. రెండు పండుగలూ ఒకే దేవతవి, నడిచే తీరు మాత్రం పూర్తిగా వేరు. దసరాకి అమలాపురంలో వీధికో వాహనం కదులుతుంది. వాటి ముందు కత్తులూ కర్రలూ తిప్పుతూ చెడీ తాలింఖానా సాగుతుంది. కమిటీలుంటాయి, చందాలుంటాయి, పోలీసు బందోబస్తు ఉంటుంది. భీమవరంలో మావుళ్ళమ్మకు ఏటా జనవరి 13న మొదలయ్యే ఉత్సవాలనైతే నీరుల్లి, కూరగాయ, పండ్ల వర్తకులే భుజాన వేసుకుంటారు. అట్లతద్దికి అలాంటి పెద్దదిక్కు ఎవరూ లేరు. పూజారి లేకపోయినా ఫర్వాలేదు, గుడి అక్కర్లేదు, రసీదు పుస్తకం అసలే లేదు. అయినా తరాల తరబడి నడిచింది. ఎలా నడిచిందో చూస్తే, ఇప్పుడు ఎక్కడ తడబడుతోందో కూడా తెలుస్తుంది.

డెల్టాలో అమ్మవారికి పెద్ద పీఠాలు లేక కాదు. ద్రాక్షారామంలో మాణిక్యాంబ ఉంది, కాస్త ఉత్తరాన పిఠాపురంలో పురుహూతిక ఉంది. రెంటినీ అష్టాదశ శక్తిపీఠాల్లో లెక్కిస్తారు. తద్ది నోచుకునే ఆడవాళ్ళకు మాత్రం ఆ గుళ్ళతో పని పడదు.

ముందు కాలం సంగతి చూడాలి. తద్ది అక్టోబరులో పడుతుంది, అధికమాసం వచ్చిన ఏడాది నెలాఖరుకి జరుగుతుంది. 2023లో అక్టోబరు 31న వచ్చింది, 2025లో 9వ తేదీనే వచ్చేసింది. డెల్టా పొలాల్లో ఇది కాస్త తీరిక దొరికే సమయం. ధవళేశ్వరం నుంచి జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలితే నారుమళ్ళు, జూలై ఆగస్టుల్లో ఊడ్పులు, ఆ వెనకే కలుపుతీతలు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ఊపందుకునేది నవంబరులో. ఊడ్పుల్లోనూ కలుపులోనూ బురదలో నడుం వంచేది ఎక్కువగా ఆడవాళ్ళే. చేను పొట్టమీదో ఈనికమీదో (వెన్ను తీసే దశలో) ఉన్న ఆ కొద్ది వారాలే వాళ్ళకు చేతులు ఖాళీ. తిథి పంచాంగం పెట్టిందే అయినా, ఇదే పండుగ ఊడ్పుల నడుమ వచ్చి ఉంటే తెల్లవారుజాము నుంచి చంద్రోదయం దాకా సాగేంత తీరుబడి దీనికి దొరికేది కాదు.

అట్టు కూడా ఇక్కడి మాగాణి వంటకమే. బియ్యం సార్వా, దాళ్వా (రబీ) పంటలది. మినుముల్ని చాలాచోట్ల వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, చేలో తడి ఆరకముందే చల్లేస్తారు. కోత అయ్యాక ఆ మోళ్ళ మధ్యే, మంచుకీ మిగిలిన పదునుకీ పంట వచ్చేస్తుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక డెల్టా వరి దేశమైపోయింది. భూమి ఉన్న ఇంట్లో అట్లపిండికి వెతుక్కోవాల్సిన పని లేదు. కూలి మీద బతికే ఇంట్లో మినప్పప్పు ఎప్పుడూ ఖర్చే. అందుకే పక్కపక్క వీధుల్లోనే ఒకచోట తద్ది ఘనంగా, ఇంకోచోట నామమాత్రంగా జరగడం, కొన్ని ఇళ్ళలో 'మాకు ఆనవాయితీ లేదు' అనేయడం వినిపిస్తుంది. ఆనవాయితీ అనే మాట వెనక డబ్బు సంగతి కూడా ఎంతోకొంత ఉంటుంది.

ముందురోజు విదియ. దీన్నే తద్ది భోగి అంటారు. ఆ సాయంత్రం గోరింటాకు. ఆకు కోసుకొచ్చి, కాస్త చింతపండు వేసి రోట్లో రుబ్బి, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు పెట్టుకుని, చేతులు దేనికీ తగలకుండా పడుకోవడం ఆడపిల్లలకు పెద్ద పరీక్ష. మర్నాడు తెల్లవారుజామునే లేవాలి. 'అట్లతద్దోయ్, ఆరట్లోయ్' అని వీధిలో కేకలు మొదలైతే ఇంకా మంచం దిగని పిల్ల ఏ ఇంట్లో ఉందో అందరికీ తెలిసిపోతుంది. సూర్యోదయానికి ముందే అన్నం తినేయాలి. దీనికి ఉట్టికింద ముద్ద అని పేరు. ఉట్టికింద వరసగా కూర్చోబెట్టి పెద్దావిడ చద్దన్నం ముద్దలు కలిపి చేతిలో పెడుతుంది. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఉల్లిపాయ పులుసు, చివర గడ్డపెరుగు. ఇప్పటి స్లాబ్ ఇళ్ళలో ఉట్టి ఎక్కడిది? ఫ్రిజ్ పక్కన కూర్చుని తిన్నా అడిగేవారు లేరు.

ఈ తిండిలో ఒక విశేషం ఉంది. శాస్త్రోక్తంగా చేసే వ్రతాల్లో ఉల్లిపాయను దగ్గరికి రానివ్వరు, చద్దన్నాన్ని అసలే రానివ్వరు. ఇక్కడ ఉపవాసం మొదలయ్యేదే ఆ రెంటితో. పగలంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని ఆడపిల్లకు కడుపులో నిలిచే తిండి పెట్టి పంపాలన్న ఆలోచన ఇది, పొలానికి వెళ్ళేవాళ్ళ తిండి లెక్క. నోము పుస్తకాల్లోకి ఎక్కి సంస్కృత శ్లోకాలు తగిలించుకున్నాక కూడా ఉల్లిపాయ పులుసు తన చోటు వదల్లేదు. ఈ పండుగ పురోహితుడి చేతుల మీదుగా ఇళ్ళలోకి రాలేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు కనబడదు.

తిన్నాక ఆటలు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు, అన్నిటికీ మించి ఊయల. కోనసీమలో ఇక్కడే చిక్కు. ఎటు చూసినా చెట్లే గానీ కొబ్బరిచెట్టుకు కొమ్మ ఉండదు. ఊయలకు మామిడో చింతో రావో వెతుక్కోవాలి, లేదా రెండు కొబ్బరిచెట్ల నడుమ అడ్డంగా దుంగ కట్టాలి. పాత మండువా లోగిళ్ళలో దూలాలకే తాళ్ళు వేసేవారు. పెరట్లో మంచి మామిడికొమ్మ ఉన్న ఇంటికి ఆ రోజు పదిళ్ళ పిల్లలు చేరతారు, ఎవరినీ పిలవక్కర్లేదు. కమిటీ చేసే పని ఇక్కడ ఆ కొమ్మ చేసిపెడుతుంది.

మిగతా రోజంతా పదకొండు చుట్టూ తిరుగుతుంది. పదకొండుసార్లు ఊగాలి, పదకొండుసార్లు తాంబూలం వేసుకోవాలి, పదకొండు ముడుల తోరం కట్టుకోవాలి. ఇవన్నీ అందరూ చేయరు గానీ తోరమూ అట్లూ మాత్రం తప్పవు. సాయంత్రం పసుపు ముద్దతో గౌరీదేవిని చేసి తమలపాకు మీద నిలబెడతారు. మట్టి విగ్రహం లేదు, పటం ఉంటే ఉంటుంది.

ఆపైన వంటిల్లు. బియ్యం, మినప్పప్పు నానబోసి రుబ్బిన పిండి సిద్ధంగా ఉంటుంది. పెనం కాలాక వంకాయ తొడిమను నూనెలో ముంచి చుట్టూ రుద్దుతారు. మామూలు రోజుల్లో సగానికి కోసిన ఉల్లిపాయ చేసే పనే ఇది, నైవేద్యం కాబట్టి వంకాయకు వచ్చింది. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిట అడుగుతోనే గుండ్రంగా తిప్పాలి. టిఫిన్ బండి దోశలాగా కాగితమంత పల్చన చేయకూడదు. ఒకదానిమీద ఒకటి పేర్చి ఇచ్చేవి కాబట్టి, చేతులు మారేటప్పుడు చిరగని మందం ఉండాలి. మొదటి అట్టు పెనానికి అంటుకోవడం మామూలే, దాన్ని లెక్కలో వేయరు. వీటికి జతగా గోదావరి ఇళ్ళలో తిమ్మనం చేస్తారు. బియ్యప్పిండిని కొబ్బరిపాలలో ఉడికించి బెల్లం, యాలకులు వేసి దించే జారు పదార్థం అది. వేడి అట్టు మీద తిమ్మనం పోసుకుని తినడం తెలిసినవాళ్ళకు పచ్చడి గుర్తుకురాదు.

పూజ చిన్నది. నైవేద్యం, కథ, అక్షింతలు, అంతే. అసలు ఘట్టం వాయనం. పదకొండు అట్లు, పసుపు, కుంకుమ, తాంబూలం ఒక పళ్ళెంలో పెట్టి, పైన కొంగు కప్పి ముత్తయిదువకు ఇస్తారు. మాటలు ఇంటింటికీ కాస్త మారినా వరస ఇది.

'ఇస్తినమ్మ వాయనం.'

'పుచ్చుకుంటినమ్మ వాయనం.'

'నా వాయనం అందుకున్నదెవరు?'

'నేనే, గౌరీదేవిని.'

ఈ చివరి మాటలో పండుగ మొత్తం ఉంది. అప్పటిదాకా పక్కింటి వదినో, ఎదురింటి పిన్నిగారో అయిన మనిషి ఆ నిమిషంలో గౌరి అవుతుంది. నిన్న కొళాయి దగ్గర బిందెల గొడవ జరిగి ఉండొచ్చు. అయినా ఈ రోజు ఆవిడ కాళ్ళకు పసుపు రాసి దండం పెట్టాల్సిందే. రేపు పాత్రలు మారతాయి, అప్పుడు గౌరి ఈవిడ. గుడి ఎందుకు అక్కర్లేకపోయిందో ఇక్కడ తెలుస్తుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళే దేవతా స్థానంలో వంతులవారీగా కూర్చుంటుంటే వేరే గర్భగుడి ఎందుకు? పసుపు ముద్దను మర్నాడు నీళ్ళలో కలిపేస్తారు. నిలిచేది ఎవరు ఎవరికి ఇచ్చారన్న లెక్క.

ఆ లెక్క గట్టిది. నోము పట్టిన పిల్ల ఏటా నోచుకుంటూ, పెళ్ళయ్యాక ఏదో ఒక సంవత్సరం ఉద్యాపన చేసి తీర్చుకోవాలి. అప్పుడు పదకొండుమంది ముత్తయిదువలకు పదకొండేసి అట్లు, అంటే 121. కొన్ని ఇళ్ళలో పదిమందికే ఇస్తారు. ఒక్కో అట్టుకు రెండు నిమిషాలు వేసుకున్నా ఒక పెనం మీద నాలుగు గంటల పని, అదీ ఉపవాసంతో. ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. తోడికోడళ్ళు, పక్కింటివాళ్ళు రెండో పొయ్యి, మూడో పొయ్యి వెలిగిస్తారు. అట్లతో పాటు రవికెల గుడ్డ, నల్లపూసలు, లక్కజోళ్ళు, అద్దం, దువ్వెన వంటివి శక్తికొద్దీ పెడతారు. పుచ్చుకునే పదకొండుమందీ తాము అంతకుముందే తద్ది నోచుకున్నవాళ్ళై ఉండాలన్నది పాత పట్టు. ఈ ఒక్క నియమమే పండుగను ఒక తరం నుంచి మరో తరానికి లాక్కొచ్చింది. తన ఉద్యాపనకు పదకొండుమంది వచ్చిన ఆవిడ, రేపు ఎవరింట్లోనైనా పదకొండో మనిషి తక్కువైందంటే కాదనలేదు. చందా పుస్తకం లేకుండా పండుగ నడవడానికి ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఊహించడం కష్టం.

ఈ వలయానికి ఒక కంచె కూడా ఉంది. ముత్తయిదువ అన్న మాటతోనే భర్త పోయిన ఆడవాళ్ళు బయట ఉండిపోయారు. తెల్లవారుజామున పిల్లలకు ముద్దలు కలిపిపెట్టిన బామ్మే సాయంత్రం వాయనం వేళకు లోపలి గదిలోకి తప్పుకోవడం డెల్టా అగ్రహారాల్లో మామూలు విషయం. గౌరిని ఆడవాళ్ళలోనే చూసే పండుగ, కొందరు ఆడవాళ్ళలో ఆమెను చూడటానికి ఒప్పుకోదు. దీన్ని ఆచారం అని సర్దేయడం తేలికే గానీ, ఈ పండుగ మంచిచెడ్డలు మాట్లాడేటప్పుడు దాటవేయాల్సిన సంగతి కాదు.

నోము కథ కూడా భర్త పోతాడన్న ఆ భయం చుట్టూ అల్లిందే. రాజుకూతురు స్నేహితురాళ్ళతో కలిసి తద్ది నోచుకుంటుంది. పొద్దువాలేసరికి ఆకలికి సొమ్మసిల్లిపోతుంది. చెల్లెలి అవస్థ చూడలేక అన్నలు చెట్టుకు అద్దం కట్టి, దూరాన ఆరిక కుప్పకు నిప్పుపెట్టి, అద్దంలో ఆ వెలుగు చూపించి 'చంద్రుడు వచ్చాడు, లే, తిను' అంటారు. ఆమె తింటుంది, నోము చెడుతుంది. తోటివాళ్ళకు పడుచు మొగుళ్ళు దొరుకుతారు, ఈమెకు మాత్రం ముసలి సంబంధాలే వస్తాయి. చివరికి పార్వతీపరమేశ్వరుల మాటతో మళ్ళీ నోము నోచుకుంటే కష్టం తీరుతుంది. ఆరిక మెట్టపంట. కాలువ కింద వరి తప్ప ఇంకోటి ఎరగని ఊళ్ళో ఆ కుప్పను చూసినవాళ్ళెవరూ ఉండరు. అయినా కథ మార్చకుండా చెప్పుకుంటూనే ఉన్నారు.

కథలో శిక్ష ముసలి మొగుడు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, నూటయాభై ఏళ్ళ కిందట ఇదే గోదావరి ఒడ్డున పదేళ్ళ పిల్లకు అది నిజమైన భయం. ముసలివాడికిచ్చి చేస్తే ఆమెకు పదిహేనో ఏటికే లోపలి గది ఖాయం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆడపిల్ల పెళ్ళికి పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం వచ్చింది 1929లో. ఆ నడుమ కాలమంతా తద్ది నోచుకున్న పిల్లలు మంచి మొగుడు కావాలని కోరుకున్నారంటే, ఆ కోరికలో సగం ప్రాణభయం. ఊయలా గోరింటాకూ కలిసి ఆ భయాన్ని కాస్త తేలిక చేశాయి.

అద్దంలో దొంగ చంద్రుణ్ణి చూపించే ఈ కథ తెలుగువాళ్ళది మాత్రమే కాదు. ఉత్తరాది కర్వా చౌత్ కథలోనూ అన్నలు ఇలాంటి మోసమే చేస్తారు. రెండు పండుగలకూ మధ్య ఒక్క రోజే తేడా. మనది బహుళ తదియ, వాళ్ళది చవితి. మనం ఆశ్వయుజం అనే పక్షాన్ని వాళ్ళు కార్తీకంలో లెక్కిస్తారు, అంతే. 2025లో అట్లతద్ది అక్టోబరు 9న అయితే కర్వా చౌత్ 10న వచ్చింది. హిందీ సీరియళ్ళ పుణ్యమా అని ఇప్పుడు డెల్టా పట్టణాల్లోనూ జల్లెడలోంచి చంద్రుణ్ణీ మొగుణ్ణీ చూస్తూ దిగిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లలో కనిపిస్తున్నాయి. ఇందులో పోయేది మాత్రం చిన్నది కాదు. కర్వా చౌత్‌లో కెమెరా ముందు మొగుడు ఉండాలి. అట్లతద్దిలో మొగుడికి అసలు పనే లేదు. పగలంతా తోటి ఆడవాళ్ళతో ఆట, రాత్రి తోటి ఆడదానికి వాయనం. మగవాళ్ళు అట్లు తినడానికి వస్తే చాలు. జల్లెడ వచ్చిన చోట పెళ్ళికాని పిల్లల వాటా తగ్గిపోతుంది, పండుగ భార్యాభర్తల మధ్యకు చేరుతుంది. అట్ల వరస కోసం చూడాలంటే ఇదే గోదావరికి ఎగువన తెలంగాణలోనే ఉంది, బతుకమ్మ అయిదో రోజు అట్ల బతుకమ్మ. అక్కడా బతుకమ్మ చుట్టూ ఉండేది ఆడవాళ్ళే.

మధ్యలో వచ్చి చేరిన వివరణలు కొన్ని ఉన్నాయి. అట్లు కుజుడికి ఇష్టమనీ, మినుములు రాహువుకూ బియ్యం చంద్రుడికీ చెందుతాయనీ, అందువల్ల దోషాలు పోతాయనీ ప్రతి అక్టోబరులో పత్రికలూ ఛానెళ్ళూ చెబుతాయి. ఊయల నడుముకు మంచిదనీ గోరింటాకు వేడి లాగుతుందనీ ఇంకొకరు చెబుతారు. ఇవన్నీ అట్టు తయారయ్యాక పోసిన నెయ్యి. బియ్యమూ మినుములూ ఇంట్లో ఉన్నాయి, పండుగ వచ్చింది, అట్టు పోశారు. గ్రహాలు తర్వాత వచ్చాయి.

ఇక తగ్గుదల సంగతి. భక్తి తగ్గిందనే మాట ఇక్కడ నిలవదు. దసరా పందిళ్ళు ఏటా పెరుగుతున్నాయి కదా. తద్దికి దెబ్బ తగిలింది మనుషుల దగ్గర. పండుగ వచ్చేసరికి దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచేస్తారు. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లలు, అంటే ఊయలకీ కేకలకీ ప్రాణమైనవాళ్ళు, రెసిడెన్షియల్ బడుల్లో, కాలేజీల్లో స్టడీ అవర్లలో ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళూ లేస్తారు, కాకపోతే ఎంట్రన్సుల టెన్షన్‌తో. కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనులకు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. చదువుకున్నవాళ్ళు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళు తద్దిని శనివారానికి మార్చుకుని హాలు బుక్ చేసుకుంటున్నారు. తదియ చంద్రుడు మాత్రం శనివారం దాకా ఆగడు.

ఇక్కడి కాలేజీల్లో, గుళ్ళ ఆవరణల్లో సామూహిక అట్లతద్ది మొదలైంది. పట్టుచీరలు, పూలు చుట్టిన ఊయల, మైకులో పాటలు, ఫొటోలు. సరదాగానే ఉంటుంది, అందులో తప్పుపట్టేదేమీ లేదు. కాకపోతే పండుగలో తేలిగ్గా తరలించగలిగేవి మాత్రమే అక్కడికి చేరాయి. ఊయల స్టేజీ ఎక్కుతుంది, వాయనం ఎక్కదు. మళ్ళీ కనబడని మనిషికి ఇచ్చిన పళ్ళెం వాయనం అవదు, ప్రసాదం అవుతుంది. పిండి సమస్యే కాదు, గ్రైండర్ ఉంది, వీధి చివర పాకెట్ పిండి దొరుకుతుంది, కావాలంటే అట్లే బయట నుంచి తెప్పించుకోవచ్చు.

చిక్కంతా పదకొండుమంది జాబితా దగ్గర. భీమవరంలోనో అమలాపురంలోనో అపార్టుమెంటులో ఉద్యాపన పెట్టుకున్న అమ్మాయి తల్లి వారం ముందు నుంచే ఫోన్లు మొదలుపెడుతుంది. పై అంతస్తువాళ్ళకు ఆనవాయితీ లేదు. ఎదురు ఫ్లాటువాళ్ళది వేరే జిల్లా. ఉన్న ఇద్దరు అత్తయ్యల్లో ఒకరికి మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేరు. ఏడుగురు తేలాక మిగతా నలుగురి కోసం పాత వీధికి వెళ్ళాలి. చాలా ఇళ్ళలో ఇప్పుడు 'వాళ్ళు నోచుకున్నారా' అని అడగడం మానేశారు. కొన్నిచోట్ల వచ్చినవాళ్ళకే అక్కడికక్కడ తోరం కట్టి, మీరూ ఈ ఏడాది నుంచి మొదలుపెట్టండి అని వాయనం చేతిలో పెడుతున్నారు.